అల్లిక పని ఏ ఖానాలో రాయాలి?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద మనం చదువు గురించో, పెండ్లిళ్లలో అయ్యే దుబారా ఖర్చు గురించో మాట్లాడుకుంటాము. ఈ ఏడు కార్యదర్శి గారు మమ్ములను పిలిచి, "మాస్టర్‌సాబ్, ఇంటికి పనికివచ్చే ముచ్చట ఏదన్నా చెప్పండి" అన్నారు. ఇంటికి పనికివచ్చేది అనగానే మాకు తోచింది ఒక్కటే, స్వెటర్. నవ్వకండి. ఈ డిసెంబరు చలిలో మీలో సగం మంది అదే తొడుక్కొని కూర్చున్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాళ్లము. మా తెలుగులో ఉర్దూ కలుస్తుంది, దానికి ముందే మాఫీ అడుగుతున్నాము.

మన పెద్దపల్లి చలి ఎటువంటిదో మీకు తెలుసు. ఆదిలాబాద్ ఏజెన్సీ అంత కాదు. అక్కడ సిర్పూర్, గిన్నెధరి వైపు కొన్ని సంవత్సరాలు 5 డిగ్రీల దాకా దిగింది. అయినా తెల్లవారి నాలుగు గంటల రైలుకు స్టేషన్‌కు పోయేవానికి, గోదావరిఖని బాయిలో సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి పదకొండు దాటినాక సైకిల్ మీద ఇల్లు చేరే కార్మికునికి మన చలి కూడా తక్కువది కాదు. బాయి లోపల ఉక్క, పైకి వస్తే చలిగాలి. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే జ్వరమే. ఉన్ని ఆ చెమటను తాను పీల్చుకుంటుంది, పోగుల సందుల్లో గాలిని పట్టి ఉంచి వెచ్చదనాన్ని బయటకు పోనియ్యదు. మన కురుమ సోదరుల గొంగడిలో ఉన్నదీ ఈ గుణమే. అయితే దక్కను నల్లగొర్రె ఉన్ని మోటుగా ఉంటుంది. గొంగడికి అది బాగు, స్వెటర్‌కు గుచ్చుకుంటుంది. అందుకే స్వెటర్ ఉన్ని మనకు లూధియానా నుంచి వచ్చేది. లచ్ఛీలుగా వచ్చేది, ఇంట్లో గోలాలుగా చుట్టుకునేవారు.

మా చిన్నతనంలో పెద్దపల్లి కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబరు 11న గదా మనకు మన జిల్లా వచ్చింది. మా అబ్బా బజారులో దర్జీ. మిషన్, కత్తెర, గోడకు బోర్డు, గల్లాపెట్టె, నాప్ రాసుకునే పొడుగు పుస్తకం, అన్నీ ఉండేవి. మా అమ్మీ ఇంట్లో స్వెటర్లు అల్లేది. ఆమెకు ఈ విద్య నేర్పింది బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండిన ఒక పంజాబీ అమ్మ. అబ్బా కుట్టిన బట్టలు ఇవ్వడానికి పోయి, అమ్మీ ఆమె దగ్గర కూర్చొని నేర్చుకున్నది. ఆ తల్లికి తెలుగు రాదు, మా అమ్మీకి పంజాబీ రాదు. అయినా సీధా, ఉల్టా అనే రెండు మాటలతో మొత్తం పని నడిచింది. నిజానికి ఈ అల్లికంతా ఆ రెండు మాటలే. సలాయి మీద ఉన్న ఉంగరాన్ని ఫందా అంటారు. ఫందాలోంచి దారాన్ని ముందుకు తీస్తే సీధా, వెనక్కి తీస్తే ఉల్టా. ఒక సీధా ఒక ఉల్టా వరుసగా పోతే సాగే పట్టీ వస్తుంది, అది నడుముకు, మణికట్టుకు. మిగతా డిజైన్లన్నీ ఈ రెండింటి నుంచే పుట్టుతాయి.

మాకు బాగా గుర్తున్నది అల్లడం కాదు, విప్పడం. వానకాలం పోయి దసరా దాటగానే అమ్మీ మా పాత స్వెటర్లు ముందేసుకునేది. నిరుటిది ఈ ఏడు పొట్టి అవుతుంది గదా. ముందు పక్క కుట్లు విప్పేది. మెడ దగ్గర ఆఖరి ఫందాను ఎక్కడ ముడివేసిందో వెదికి ఆ కొస పట్టి లాగితే, గిర్రుగిర్రున వరుస వెంట వరుస ఊడివచ్చేది. మేము రెండు చేతులు చాచి నిలబడాలి. మా చేతులకు ఆ దారం లచ్ఛీగా చుట్టేది. చేతులు గుంజినా కదలరాదు. విప్పిన దారం వంకీలు తిరిగి మేకపిల్ల వెంట్రుకల లెక్క ఉండేది. లచ్ఛీని నాలుగు చోట్ల వదులుగా ముడివేసి, గోరువెచ్చని నీళ్లలో కుంకుడుకాయ రసంతో జాడించి, దండెం మీద వేసి, కింద ఒక లోటా వేలాడదీసేది. ఆ బరువుకు వంకీలు పోయి దారం సాపుగా అయ్యేది. మోచేతుల దగ్గర పలచబడిన దారం తీసివేసి, తక్కువ పడినంత మేర కొత్త రంగు గోలా కొని చారలు వేసేది. మా ఎర్ర స్వెటర్ మరుసటేడు ఎరుపు నలుపు చారలైంది, తమ్మునికి పోయేటప్పటికి తెలుపు చార కూడా కలిసింది, ఆ తరువాత చెల్లెకు మఫ్లర్ అయింది. ఆఖరున చాయ్ కేట్లీ మీద టోపీగా కూర్చున్నది.

ఒకనాడు మా అబ్బా అది చూసి అన్న మాట ఉన్నది. "నేను కత్తెర వేసిన్నంటే ఇగ వేసినట్టే, తప్పయితే గిరాకీకి బట్ట కొనియ్యాలె. నీ తల్లికేమి, తప్పయితే విప్పి మళ్ల అల్లుకుంటది." ఆయన మెచ్చుకొనే అన్నారు. కాని మేము ఇప్పుడు ఆలోచిస్తే, విప్పి మళ్లీ అల్లిన గంటలు ఎవరివి అన్న ప్రశ్న ఆయనకూ రాలేదు, మాకూ రాలేదు.

ఇంటి పిల్లలకే కాదు, బయటికి కూడా అల్లేది. బజారులో ఒక దుకాణదారు ఉన్ని ఇచ్చి, స్వెటర్ తీసుకొని, కూలీ ఇచ్చేవాడు. 1990లో పెద్దవాళ్ల పూర్తి చేతుల స్వెటర్‌కు 25 రూపాయలు. దాన్ని ఆయన ఎంతకు అమ్మేవాడో అమ్మీ ఎన్నడూ అడగలేదు. మరి మేము లెక్కల మాస్టరుగా అయిన తరువాత, ఒక రోజు ఎనిమిదో తరగతి పిల్లలతో ఆ స్వెటర్‌నే లెక్క వేయించాము. ముందు భాగానికి 110 ఫందాలు, 180 వరుసలు. చంకలకు, మెడకు తగ్గించినవి తీసేస్తే సుమారు 17,000 ఫందాలు. వెనుక భాగం అంతే. చేతులు మణికట్టు దగ్గర 50 ఫందాలతో మొదలై భుజం దగ్గర 80 దాకా పెరుగుతాయి. సగటున 65 వేసుకొని 135 వరుసలంటే, ఒక్కో చెయ్యి 8,775. అన్నీ కూడితే 50,000 దాటుతుంది. నిమిషానికి 20 ఫందాలు అల్లే చెయ్యి మంచి వేగమున్న చెయ్యి. ఆ వేగంతో నలభై గంటల పైన. ముక్కలు కలిపి కుట్టడం, మెడ పట్టీ కలిపితే యాభై గంటలు. ఇరవై అయిదు రూపాయలను యాభై గంటలతో భాగించినప్పుడు తరగతిలో ఒక పిల్ల లేచి, "సార్, గంటకు అర్ధ రూపాయేనా?" అన్నది. ఆ పిల్ల ఇంట్లో ఏం పని నడుస్తుందో మాకు తెలుసు. మేము డస్టర్ తీసుకొని బోర్డు తుడిచినాము.

ఇక్కడ ఒక మాట. మా అమ్మీ అయిదో జమాత్ వరకే చదివింది. కాగితం మీద భాగాహారం రాదు. కాని రెండు అంగుళాల ముక్క అల్లి, దానిలో ఫందాలు లెక్కపెట్టి, ఎవరి ఛాతీ ఎంతయితే ఎన్ని ఫందాలు ఎక్కించాలో నోటితో చెప్పేది. మేము బడిలో ఏకవస్తు మార్గమని, అనుపాతమని నెల రోజులు చెప్పేది అదే.

1997లో అబ్బాకు పక్షవాతం వచ్చి దుకాణం ఎనిమిది నెలలు మూతపడింది. ఆ ఎనిమిది నెలలు ఇల్లు నడిచింది డాల్డా డబ్బాలోంచి. అమ్మీ తన కూలీ డబ్బులు అందులో వేసేది. బియ్యం, మందులు, మా కాలేజీ ఫీజు, అన్నీ దాంట్లోంచే. అబ్బా పుస్తకంలో ప్రతి ప్యాంటుకూ, ప్రతి షర్టుకూ రాత ఉన్నది. డబ్బాకు రాత లేదు. అబ్బా కోలుకున్న తరువాత చూడటానికి వచ్చినవాళ్లతో, "ఖాలీ బైఠ్‌నా నై హోతా ఉస్కో, కుచ్ బున్‌తీ రహతీ" అనేవారు. ఊరికే కూర్చోలేదు, ఏదో ఒకటి అల్లుతుంటది అని. ఆయనను మేము తప్పు పట్టడం లేదు. మేము చేసింది ఇంతకంటే పెద్ద తప్పు, అదే ఇప్పుడు చెప్పబోతున్నాము.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరిగినవి. తొమ్మిదో తేదీ నుంచి ఇరవై ఎనిమిది దాకా. ఉపాధ్యాయులం గనుక మాకూ ఒక బ్లాకు అప్పజెప్పారు. ఇల్లిల్లూ తిరిగినాము. ఎవరి ఇంట్లో ఏమి రాసినామో బయట చెప్పరాదని చట్టమున్నది, చెప్పము. ఒక్క సంగతి మాత్రం పదేపదే జరిగింది. గడపలో మగవాడు కూర్చొని జవాబులు చెప్పుతాడు. లోపల ఆడమనిషి చేతిలో క్రోషియా, ఒడిలో సగం అల్లిన జాలీ టోపీ, లేదా చాటలో బీడీ ఆకు. "గత సంవత్సరంలో ఎప్పుడైనా పని చేసినారా?" అని అడగాలి. మగవాడు, "ఏం జెయ్యది సార్, ఊకెనే ఇంట్లుంటది" అంటాడు. మేము రాసుకొని లేచినాము. మాకిచ్చిన సూచనల పుస్తకంలో, ఆడవాళ్ల పని గురించి ఒక్కసారి అడిగి వదిలిపెట్టకండి, గుచ్చి అడగండి అని స్పష్టంగా ఉన్నది. ఇంట్లో చేసే పనికి గృహ పరిశ్రమ అని వేరే ఖానా కూడా ఉన్నది. సొంత పిల్లలకు అల్లిన స్వెటర్ ఆ ఖానాలోకి రాదు గాని, అమ్మకానికో కూలీకో అల్లింది తప్పక వస్తుంది. అది ఆరు నెలల కంటే తక్కువయినా వస్తుంది. మేము రెండోసారి అడగలేదు. పొద్దుగూకుతున్నది, ఇంకా ఇండ్లు మిగిలినవి, అడిగితే ఆ మగవానికి నామోషీ అనుకుంటాడేమోనని జంకు.

మా ఇంటికి ఇంకొక మాస్టరు వచ్చినారు, మా స్నేహితుడే. చాయ్ తాగుతూ అడిగినాడు. మా అమ్మీ పని ఏమిటని. అప్పటికి మిషన్ స్వెటర్లు వచ్చి చేతి స్వెటర్లకు గిరాకీ పోయింది. చలికాలం రాగానే రోడ్డు పక్కన డేరాలు వేసి టిబెటన్లు, నేపాలీలు అమ్మేవి చవక. అమ్మీ టోపీలకు మారింది. రంజాన్‌కు ముందు మూడు నెలలు క్రోషియాతో టోపీలు అల్లి దుకాణానికి వేసేది. అది మాకు తెలియని సంగతి కాదు. అయినా మా నోటి నుంచి వచ్చిన మాట, "అమ్మీ కుచ్ నై కర్తే, ఘర్ మేచ్ రహతే." అతను రాసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మీ, "మై కుచ్ నై కర్తీ బోల్‌కే లిఖాయే క్యా బేటా?" అన్నది. నేనేమీ చెయ్యనని రాయించినావా బిడ్డా అని. కోపంగా అనలేదు. రొట్టె ఇంకొకటి వేసింది. మేము తల వంచుకొని తిన్నాము.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట అయితే సభలో చెప్పేవాళ్లము కాదు. పశ్చిమ గోదావరి నర్సాపురం లేసు వినే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియా పని అది. ఊరూరా ఆడవాళ్లు ఇంట్లో కూర్చొని అల్లితే, అది విదేశాలకు పోయింది. జర్మనీ నుంచి మరియా మీస్ అనే పరిశోధకురాలు వచ్చి, ఆ ఊళ్లలో తిరిగి, 1982లో పుస్తకం వేసింది. ఆమె చూసింది ఏమిటంటే, రోజంతా అల్లుతున్నా ఆ ఆడవాళ్లను అందరూ గృహిణులనే అంటారు, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపమంటారు, కాలక్షేపానికి కూలీ అంతే గదా అని తక్కువిస్తారు. సరుకు మోసి అమ్మేవాళ్లు మాత్రం వ్యాపారులు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. అల్లిన చేతికి ఏమి ముట్టిందన్నది వేరే లెక్క.

దీని పక్కన మన బీడీని పెట్టి చూడండి. అదీ ఇంట్లో కూర్చొని చేసే పనే. మన ఉత్తర తెలంగాణలో ఎన్ని ఇండ్లు దాని మీద బతికినవో మీకు చెప్పనక్కరలేదు. ఆరోగ్యానికి చెడ్డ పని, మేము దాన్ని పొగడడం లేదు. కాని బీడీకి వెయ్యికింత అని రేటు ఉన్నది. 1966లో బీడీ కార్మికులకు చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు, పీఎఫ్, పిల్లలకు స్కాలర్‌షిప్ అనే మాటలు ఆ ఇండ్లలో వినిపించినవి. ఎట్లా వచ్చినవి? మేము పని చేస్తున్నాము అని వాళ్లు చెప్పుకున్నారు, సంఘం పెట్టుకున్నారు. స్వెటర్ అల్లేవాళ్లు, టోపీ అల్లేవాళ్లు ఎక్కడ చెప్పుకున్నారు? మన ఆడవాళ్లకు అల్లిక అంటే గౌరవం కూడా, పరువు గల పని. ఆ పరువే నోరు మూసింది. కూలీ అడిగితే కూలీదాని లెక్క అవుతామని భయం.

ఇంటి పని గంటలు కూడా లెక్క పెట్టవచ్చని సర్కారే చూపింది. 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానిలో గడుపుతున్నారని తేలింది. అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. అల్లికకు కూర్చునేది ఇంటి పని తెమిలిన తరువాతనే గదా.

మాస్టర్లు గనుక బడి సంగతి ఎత్తకుండా ఉండలేము. డాక్టర్ జాకిర్ హుసేన్ గారు మన హైదరాబాదులో, 1897లో పుట్టినవారు. 1967లో రాష్ట్రపతి అయినారు. 1937లో వార్ధాలో గాంధీజీ తలపెట్టిన బుని‌యాదీ తాలీమ్‌కు ప్రణాళిక తయారు చేసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. చేతిపనిని చదువుకు చివర అతికించడం కాదు, చేతిపని మధ్యలో ఉండి లెక్కలు, భాష, చరిత్ర దాని చుట్టూ నడవాలన్నది ఆ ప్రణాళిక. మరి మేమేం చేసినాము? బడిలో చేతిపని పీరియడ్ వస్తే, పరీక్షలు దగ్గరికొచ్చినవని ఆ పీరియడ్ లెక్కలకు లాక్కున్నాము. ఎన్నడన్నా జరిపితే ఆడపిల్లలకు సలాయీలు, మగపిల్లలకు మైదానం. సలాయి ఆడవాళ్లదే అని ఎవరు చెప్పినారు? యూరప్‌లో ఒకప్పుడు అల్లిక సంఘాలు మగవాళ్లవి. ఈజిప్టు ముస్లింలు వందల ఏళ్ల కింద అల్లిన నూలు మేజోళ్లు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నవి. స్పెయిన్ దేశంలో బుర్గోస్ దగ్గర ఒక క్రైస్తవ మఠంలో, 1275లో చనిపోయిన రాకుమారుని సమాధిలో పట్టు దారంతో అల్లిన దిండు గలీబు దొరికింది. అల్లినవాళ్లు ముస్లిం కళాకారులు. దాని అంచున అరబీ కూఫీ లిపిలో బరకత్ అనే మాట అల్లి ఉన్నది. అక్కడ రాజుగారి ఇంట అల్లిక పని చేసినవాళ్లను ఎవరూ ఊకెనే కూర్చున్నారనలేదు.

ఇప్పుడు మా మనవి. 2027 ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలు జరపాలని నిర్ణయించారు. మీ గడపకు మాలాంటి మాస్టరే ఎవరో ఒకరు వస్తారు. ఆయనకు తొందర ఉంటుంది, రెండోసారి అడగకపోవచ్చు. మీరే చెప్పండి. "మా ఇంటామె టోపీలు అల్లుతుంది, ఏడాదికి ఇన్ని నెలలు, కూలీ తీసుకుంటుంది" అని. పరదా వెనుక ఉన్న తల్లులారా, మగవాడు చెప్పకపోతే మీరే లోపలి నుంచి గట్టిగా చెప్పండి, వినిపిస్తుంది. దానితో రేపే పింఛను వస్తుందని మేము ఆశ పెట్టడం లేదు. ఖాతాలో లేనివానికి ఏదీ రాదు, అంతవరకే మాకు తెలుసు.

సంఘానికి కూడా ఒక మాట. మన శిక్షణ తరగతిలో నేర్చుకున్న పిల్లల సరుకు దుకాణానికి వేసే ముందు, ఉన్ని ఎన్ని గ్రాములు, పని ఎన్ని గంటలు అని చీటీ రాసి కట్టాలని కార్యవర్గం ఒప్పుకున్నది. దుకాణదారు ఆ గంటల చీటీ చించి పారేస్తాడని ఒక సభ్యులు అన్నారు. చించనియ్యండి. రాసిన పిల్లకు తెలుస్తుంది గదా. మగపిల్లలను కూడా ఆ తరగతికి పంపండి. మా చిన్నవాడు పోయిన నెల నుంచి పోతున్నాడు. ఇప్పటిదాకా ఒక జానెడు మఫ్లర్ అయింది, మధ్యలో మూడు ఫందాలు జారినవి. వాళ్ల దాదీ క్రోషియాతో ఎత్తి ఇచ్చింది.

ఆ వెనుక బల్ల మీద ఈ ఏడు అల్లినవన్నీ పెట్టినాము. పోయేటప్పుడు చూడండి. ప్రతిదానికీ చీటీ ఉన్నది. వాటిలో ఒక తెల్ల జాలీ టోపీ మా అమ్మీది. గంటలు తొమ్మిది అని తనే రాసింది, ఉర్దూలో. ధర దగ్గర ఖాళీ ఉంచింది. ఎంత రాయమంటావు బేటా అని పొద్దున అడిగితే, మేము చెప్పలేదు, నీవే రాయమన్నాము. ఇంకా రాయలేదు. ఆమె అవతల రెండో వరుసలో కూర్చున్నది, కావలసినవారు ఆమెనే అడగండి.

మగ్రిబ్‌కు ఇంకా పావుగంట ఉన్నది. చాయ్ వచ్చినట్టున్నది.